అందే ద్రాక్షలు

మన పట్టణాలలో ‘వైన్స్’ అన్న బోర్డు లేని పెద్దవీధి అరుదు. అమ్మవారి పేరో, యజమాని బిడ్డ పేరో ముందు తగిలించుకొని, సందెవేళ కాగానే దీపాలు వెలిగించుకొని, ఆ బోర్డు బస్‌స్టాండు నుండి ఊరి పొలిమేర వరకు మనలను పలకరిస్తూనే ఉంటుంది. ధైర్యం చేసి లోపలికి వెళ్ళి, ‘‘వైను ఉన్నదా?’’ అని అడిగి చూడండి. దుకాణంలోని కుర్రవాడు ఒక క్షణం తికమకపడతాడు. బ్రాందీ ఉన్నది, విస్కీ ఉన్నది, రమ్ము ఉన్నది, బీరు లెక్కలేనంత ఉన్నది. బోర్డు మీద పేరున్న పదార్థం మాత్రం, ఉంటే గింటే, వెనుక అరలో దుమ్ము కప్పుకొని ఒకటి రెండు సీసాలుగా నిలబడి ఉంటుంది. పేరు ఊరంతా ఏలుతున్నది. పేరుగల వస్తువు అజ్ఞాతవాసం చేస్తున్నది.

ఆ అజ్ఞాతవాసం వలన రెండు అపోహలు పుట్టినవి. ‘అందని ద్రాక్ష పుల్లన’ అని నక్క సమాధానపడినట్లు, వైను ధనవంతుల వేడుక, మనకెందుకని కొందరు పెదవి విరుస్తారు. అందనిది గనుకనే అది అమృతమై ఉంటుందని మరికొందరు భావించి, విమానాశ్రయంలో అన్నిటికన్న ఖరీదైన సీసాను కొని తెచ్చి, ఎవరికో కానుకగా ఇచ్చి తృప్తి పడతారు. మొదటివారు రుచి చూడకుండా కాదన్నారు. రెండవవారు రుచి చూడకుండా ఔనన్నారు. ఈ ఇద్దరికీ నడుమ, సామాన్య గృహస్థు చేతికి అందే ద్రాక్షలు కొన్ని ఉన్నవి. ఇంటిలో నలుగురు కూర్చున్నప్పుడు పంచుకోవడానికీ, మిత్రుని ఇంటికి వెళ్ళేటప్పుడు చేతపట్టుకొని పోవడానికీ తగిన ఆ సీసాలను గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అయితే, ముందుగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. మద్యాన్ని గురించి తెలుగులో వ్రాసేవాడు మన ఇటీవలి చరిత్రను మరచి వ్రాయడానికి వీలులేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణంపై తిరగబడగా, 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకినది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలిపోయినది. ఆ తల్లుల కన్నీటికి కారణం సారాయే గాని వైను కాదు కదా అని తప్పించుకోవడం న్యాయం కాదు. మత్తు కలిగించే పదార్థం రెంటిలోనూ ఒక్కటే. ఎర్ర వైను గుండెకు మేలు చేస్తుందన్న మాట చాలాకాలం ప్రచారంలో ఉన్నదిగాని, మద్యం ఎంత కొద్దిగా తీసుకొన్నా అది ఆరోగ్యానికి క్షేమకరమని చెప్పడానికి వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించినది. కాబట్టి వైనును మందుగా పొగడడం గాని, తాగనివారిని తాగుమని ప్రోత్సహించడం గాని ఇక్కడ లేదు. ఏ పండుగకో పబ్బానికో ఒక గ్లాసు పుచ్చుకొనే అలవాటు ఉండి, ఏది కొనాలో తెలియక డబ్బు పోగొట్టుకొనేవారి కోసమే ఈ మాటలు.

డబ్బు పోగొట్టుకోవడమంటే ఏమిటో మా మేనమామగారి సీసా నాకు నేర్పినది. వారిది విజయవాడ. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, ఫ్రాన్సు వెళ్ళివచ్చిన అల్లుడు ఆయనకు బోర్డో ప్రాంతపు ఎర్ర వైను సీసా ఒకటి కానుకగా తెచ్చి ఇచ్చినాడు. దాని ధర విని అత్తయ్యగారు బుగ్గలు నొక్కుకొన్నారు. మామయ్య ఆ సీసాను హాలులోని అద్దాల బీరువాలో, కొండపల్లి బొమ్మలకూ, తమకు ఆఫీసువారిచ్చిన జ్ఞాపికకూ నడుమ నిలువుగా నిలబెట్టారు. ‘‘ఇంతటి వస్తువును ఊరికే తెరవకూడదు. మంచి సందర్భం రావాలి’’ అన్నారు. సందర్భాలు వచ్చినవి, పోయినవి. ఏదీ ఆ సీసాకు సరితూగలేదు. ఆరు వేసవులు గడిచినవి. విజయవాడ వేసవి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

చివరకు మనుమడు పై చదువు ముగించుకొని వచ్చిన రాత్రి, డాబా మీద చాపలు పరచుకొని కూర్చున్నప్పుడు ఆ సీసా కిందికి దిగినది. బిరడా ఎండి పొడిపొడిగా రాలినది. ఎర్రగా ఉండవలసిన రసం ఇటుకరంగుకు తిరిగినది. వాసన చూస్తే ఉడికిపోయిన రేగుపళ్ళూ, వెనిగరూ జ్ఞాపకం వచ్చినవి. మేమందరం ఒకరి మొహం ఒకరు చూచుకొన్నాము. మామయ్య మాత్రం తమ గ్లాసును పూర్తిగా తాగి, ‘‘బాగుంది. అంత ఖరీదైనది బాగుండక ఏమవుతుంది?’’ అన్నారు. ఆ మాట విని నవ్వు రాలేదు. ఆరేళ్ళు కాచుకొన్న మనిషికి ఆ మాట అనక తప్పదు.

మామయ్య నాలుక అబద్ధమాడినదని చెప్పలేము. ధర నిజంగానే నాలుకను మోసగించగలదు. 2008లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 20 మందికి ఒకే వైనును రెండు వేర్వేరు ధరలు చెప్పి రుచి చూపించారు. సీసా 90 డాలర్లని చెప్పినప్పుడు అదే వైను, 10 డాలర్లని చెప్పినప్పటికన్న ఎక్కువ రుచిగా ఉన్నదని వారు అన్నారు. అంతేకాక, మెదడులో సుఖానుభూతికి సంబంధించిన భాగం కూడా అప్పుడు ఎక్కువగా స్పందించినట్లు యంత్రాలు చూపినవి. దీనికి మారుగా, పేరూ ధరా కనపడకుండా చేస్తే ఏమవుతుందో 1976 మే నెలలో పారిస్‌లో జరిగిన ప్రసిద్ధ పరీక్ష నిరూపించినది. ఫ్రెంచి నిపుణులే న్యాయనిర్ణేతలుగా కూర్చొని, పేర్లు మరుగుపరచిన సీసాలను రుచి చూచి మార్కులు వేశారు. తెల్ల వైనులలోను, ఎర్ర వైనులలోను కూడా ప్రథమస్థానం ఫ్రాన్సుకు గాక, అంతవరకు ఎవరూ లెక్కపెట్టని కాలిఫోర్నియాకు దక్కినది. పేరు కనపడనప్పుడే నాలుక స్వతంత్రంగా మాట్లాడుతుంది.

ఇంతకూ ఆ బోర్డో సీసా చెడిపోవడానికి కారణమేమి? వైను ప్రాణమున్నదాని వలె మారుతూ ఉండే పదార్థం. చల్లని చీకటి గదిలో, 12 నుండి 15 డిగ్రీల వేడిమిలో, సీసా పడుకొని ఉంటే ఆ మార్పు నెమ్మదిగా, మంచివైపు సాగుతుంది. నిలువుగా పెట్టిన సీసాలో బిరడాకు తడి తగలక ఎండిపోతుంది. ఎండిన బిరడా సందులలో నుంచి గాలి చొరబడుతుంది. 40 డిగ్రీల ఎండలో రసం పక్వం కాదు, ఉడుకుతుంది. ఐరోపా దేశాలలో భూగృహాలు చేసే పనిని మన అద్దాల బీరువా చేయలేదు. పైగా, ఎన్నేళ్ళు ఉంచితే అంత మంచిదన్న నమ్మకమే పొరపాటు. లోకంలో తయారయ్యే వైనులో అత్యధిక భాగం, తయారైన ఒకటి రెండు సంవత్సరాలలో తాగడానికి ఉద్దేశించినదే. ఏళ్ళ తరబడి నిలువ ఉండి మెరుగయ్యే సీసాలు బహు కొద్ది.

మన ఆలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకమని, కదళీపాకమని, నారికేళపాకమని విభజించారు. కొబ్బరికాయకు పీచు తీయాలి, చిప్ప పగులగొట్టాలి. అరటిపండుకు తొక్క ఒలవాలి. ద్రాక్ష నోట వేసుకోగానే రసం. ఈ విభజన వైనుకు కూడా వర్తిస్తుందని నాకు తోస్తుంది. గొప్ప బోర్డో సీసా నారికేళపాకం. దానికి చల్లని నేలమాళిగ కావాలి, పదేళ్ళ ఓర్పు కావాలి, తెలిసిన రసికుడు కావాలి. అవి లేనిచోట దాని గొప్పతనం చిప్ప లోపలనే ఉండిపోతుంది. మన ఇండ్లకు తగినది ద్రాక్షాపాకం. ఈ ఏడు తయారై, ఈ ఏడే తెరవదగినది. కొనడానికి అప్పు, తెరవడానికి ముహూర్తం అక్కరలేనిది. అట్టి సీసాలు మనకు దూరాన కాదు, దక్కనులోనే పండుతున్నవి.

ద్రాక్ష మద్యం మన దేశానికి కొత్తది కాదు. మద్యపు వ్యవహారాలు చూచే సురాధ్యక్షుడనే ఉద్యోగిని గురించి చెబుతూ, కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసినదానిని ‘మధువు’ అని పిలిచి, అది పుట్టిన ప్రదేశాలను బట్టి కాపిశాయనమని, హారహూరకమని రెండు పేర్లు చెప్పినది. కాపిశాయనమంటే కపిశ దేశపుది. కపిశ నేటి ఆఫ్ఘనిస్తానులో ఉన్నది. ఊరి పేరుతో వైనును గుర్తించే పద్ధతి ఫ్రెంచివారి సొత్తని అనుకొనేవారు ఈ సంగతి గమనించదగినది. అయితే వాయవ్య దిక్కు నుంచి రావలసిన ఆ మధువు సామాన్యునికి అందినది కాదు.

దక్కనులో ద్రాక్ష పండకపోలేదు. హైదరాబాదు పరిసరాలలోని అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను ఎరుగని పాతతరం తెలుగువారు ఉండరు. కాని అది పళ్ళెంలో పెట్టుకొని తినే పండు. వైనుకు కావలసిన ద్రాక్ష వేరు. దాని పండు చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ. తినడానికి అంత బాగుండదు. అయితే ఎర్ర వైనుకు రంగూ వగరూ ఇచ్చేవి ఆ తొక్కా గింజలే. నీరు నిండిన పెద్ద పండును పులియబెడితే రసం పలుచనై, రుచి నిలవదు. అందుచేత వైను చేయదలచినవారు పరదేశపు తీగలను తెచ్చి నాటవలసి వచ్చినది.

మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ తినే ద్రాక్ష చాలాకాలంగా పండుతున్నది. కాలిఫోర్నియాలో చదివి వచ్చిన రాజీవ్ సామంత్ అక్కడ షెనాన్ బ్లాన్, సోవిన్యోన్ బ్లాన్ అనే రెండు ఫ్రెంచి జాతుల తీగలను 1997లో నాటించగా, 2000లో ‘సులా’ పేరుతో తొలి సీసాలు వెలువడినవి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ఆధారిత పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించినది. దానికి ముందే, కన్వల్ గ్రోవర్ అనే పారిశ్రామికుడు బెంగుళూరు సమీపాన నంది కొండల పాదాన 1988లో ఫ్రెంచి తీగలు నాటించినాడు. బోర్డో ప్రాంతపు ప్రఖ్యాత నిపుణుడు మిషెల్ రొలాన్ తరువాత ఆ తోటలకు సలహాదారయినాడు. ఆ కొండల చుట్టుపట్ల పల్లెలలో ఇంటిభాష తెలుగైన కుటుంబాలు ఎన్నో ఉన్నవి గనుక, ఆ ద్రాక్షతోట మనకు పరాయిది కాదు.

ఈ తోటల పనిలో ఒక విశేషమున్నది. ఐరోపాలో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది. వసంతంలో అది తిరిగి చిగిరిస్తుంది. ఆశ్వయుజ ప్రాంతంలో పంట కోస్తారు. మన ఉష్ణదేశంలో తీగకు నిద్రలేదు. దానిని విడిచిపెడితే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. వానకాలంలో కాయ కుళ్ళిపోతుంది. అందుచేత మన రైతు వేసవిలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత మరొకసారి తీగను కత్తిరిస్తాడు. మొదటి కత్తిరింపు తీగకు బలం కోసం, రెండవది కాపు కోసం. పండు మాఘ ఫాల్గుణాలలో, రాత్రులు చల్లగా ఉండే రోజులలో కోతకు వస్తుంది. ఫ్రాన్సులో ప్రకృతి చేసే పనిని మన వద్ద రైతు కత్తెర చేస్తున్నది. నాసిక్ సీసా చవకగా దొరుకుతున్నదంటే, దానిలోని శ్రమ చవక అని అర్థం కాదు.

ఈ దేశీయ వైనులలో మన భోజనానికి తొలుత చెప్పదగినది షెనాన్ బ్లాన్. ఫ్రాన్సులోని ల్వార్ నదీతీరం దీని పుట్టినిల్లు. దక్షిణాఫ్రికా దీని మెట్టినిల్లు. నాసిక్‌లో దీనిని కొంచెం తీపి మిగిలేటట్లు తయారుచేయడం వాడుక. ఆ కొంచెం తీపే మనకు ఉపకరిస్తుంది. మిరపకారం నాలుకను మండించినప్పుడు మద్యపు ఘాటూ, ఎర్ర వైను వగరూ ఆ మంటను ఎక్కువ చేస్తవి. తీపి, చల్లదనం దానిని తగ్గిస్తవి. గుంటూరు కారంతో చేసిన వేపుడు ప్రక్కన వగరైన ఎర్ర వైను పెట్టి, ‘వైను మన వంటకు నప్పదు’ అని తీర్పు చెప్పినవారిని ఎందరినో చూచాను. తప్పు వైనుది కాదు, వంటదీ కాదు, సంబంధం కుదిర్చినవారిది.

రెండవది సోవిన్యోన్ బ్లాన్. ఇది పులుపు జాతి. భోజనంలోని పులుపుకన్న వైను పులుపు తక్కువైతే, ఆ వైను చప్పగా నీళ్ళవలె తోస్తుంది. చింతపండు, గోంగూర, మామిడికాయ రాజ్యమేలే మన వంటింటిలో ఈ సూత్రం ముఖ్యమైనది. చేపల పులుసు ప్రక్కన, గోంగూర మాంసం ప్రక్కన నిలబడగలిగినది పులుపున్న తెల్ల వైనే. ఈ రెండు రకాలూ సాధారణంగా ఒక మంచి హోటలులో ఇద్దరి భోజనానికయ్యే ఖర్చుకు మించవు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చవక అంతా మంచిది కాదు. మన దుకాణాలలో ‘పోర్ట్ వైన్’ అన్న పేరుతో చక్కెరపాకం వంటి ఎర్రని సీసాలు దొరుకుతవి. అసలు పోర్ట్ పోర్చుగల్ దేశపు డోరూ లోయలో పుట్టినది. 1756లోనే ఆ దేశపు ప్రభుత్వం ఆ ప్రాంతానికి హద్దులు ఏర్పరచినది. ద్రాక్షరసం పులుస్తూ ఉండగా మధ్యలో ద్రాక్షసారం కలిపి పులియడాన్ని ఆపివేస్తే, పండులోని తీపి సహజంగా మిగిలిపోతుంది. అదే పోర్ట్. పేరు ఒక్కటయినంత మాత్రాన గుణం ఒక్కటి కాదు.

ఇక పరదేశపు సీసాల సంగతి. మన దేశంలో దిగుమతి వైనుపై కేంద్ర సుంకం చాలాకాలం 150 శాతం వంతున ఉండినది. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందం, ఒక స్థాయికి మించిన ధరగల అక్కడి సీసాలపై దానిని కొంత తగ్గించినది. కేంద్ర సుంకం మీద రాష్ట్రాల పన్నులు వేరు. కాబట్టి హైదరాబాదులో దిగుమతి సీసాకు మనమిచ్చే డబ్బులో పెద్ద భాగం ద్రాక్షకు గాక పన్నుకు పోతుంది. పుట్టినచోట కూరగాయల సంచిలో పడి ఇంటికి వచ్చే సామాన్యపు సీసా, మన వద్దకు వచ్చేసరికి పట్టుబట్టలు కట్టుకొంటుంది. అందుచేత తెలుగుగడ్డ మీద ఉన్నవారికి దేశీయమే తగినది. అమెరికాలోనో, ఇంగ్లండులోనో కాపురముంటున్న తెలుగువారికీ, విదేశాల నుంచి ఒక సీసా తెచ్చుకొనే అవకాశమున్నవారికీ మాత్రం మరి నాలుగు చెప్పదగినవి ఉన్నవి.

పోర్చుగల్ వాయవ్య కోణంలోని మీన్యూ ప్రాంతపు ‘వీన్యు వేర్ద్’ వాటిలో మొదటిది. ఆ పేరుకు ‘పచ్చని వైను’ అని అర్థం. రంగు పచ్చన కాదు, వయస్సు పచ్చన. 1908లో ఈ ప్రాంతానికి హద్దులు నిర్ణయించారు. అక్కడి చిన్నరైతులు పూర్వం తీగను ఎత్తైన పందిళ్ళ మీదికి పాకించి, కింద కూరగాయలు పండించుకొనేవారు. మన పెరటిలోని కాకర పందిరి, పొట్ల పందిరి చూచినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు. ఈ వైను తేలికైనది, పుల్లనిది. నాలుక మీద చిరుబుడగలు చిటపటలాడతవి. మత్తు తక్కువ. ఎండాకాలపు మధ్యాహ్నానికి ఇంతకన్న అనువైనది లేదు.

రెండవది స్పెయిను దేశపు ‘కావా’. వేడుకలలో బిరడా ఎగిరే వైను కావాలనుకొనేవారు షాంపేను ధర విని వెనుకకు తగ్గుతారు. షాంపేను అన్న పేరు ఫ్రాన్సులోని ఆ ప్రాంతపు వైనుకే చెల్లుతుంది. తయారుచేసే పద్ధతి మాత్రం ఎవరైనా అనుసరించవచ్చును. ఒకసారి పులిసిన వైనును సీసాలో పోసి, కొంచెం చక్కెర, పులియబెట్టే ఈస్టు చేర్చి మూసివేస్తే, లోపల రెండవసారి పులిసి, పుట్టిన వాయువు వైనులోనే కరిగిపోతుంది. బిరడా తీసినప్పుడు పైకి లేచే బుడగలు ఆ బందీయైన వాయువే. కాటలోనియాలో జూసెప్ రవెంతోస్ 1872లో తమ ప్రాంతపు ద్రాక్షతో ఈ పద్ధతిని అనుసరించినాడు. కావా కనీసం తొమ్మిది నెలలు ఆ సీసాలోనే మగ్గాలి. అంత శ్రమతో తయారైనదే అయినా, షాంపేను ధరలో ఇది చాలా కొద్ది భాగానికే దొరుకుతుంది. పెండ్లిరోజుకు కానుక ఇవ్వదలచినవారికి నేను దీనినే చెబుతాను.

మూడవది అర్జెంటీనా దేశపు మాల్బెక్, నాలుగవది చిలీ దేశపు కార్మెనేర్. ఈ రెండింటిదీ వలస వెళ్ళినవారి కథ. మాల్బెక్ ఫ్రాన్సులోని కావోర్ ప్రాంతపు తీగ. 19వ శతాబ్దం మధ్యలో మిషెల్ ఎమె పూజె అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు దానిని అర్జెంటీనాకు చేర్చినాడు. ఆండీస్ పర్వతాల మంచునీటితో తడిసే మెండోజా తోటలలో అది పుట్టినింటిలోకన్న మెత్తగా, నిండుగా పండినది. కార్మెనేర్ కథ మరింత చిత్రమైనది. 1860 ప్రాంతాలలో అమెరికా నుంచి వచ్చిపడిన ఫైలోక్సెరా అనే పురుగు వేళ్ళను తిని, ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేసినది. తోటలను తిరిగి నాటినప్పుడు కార్మెనేర్‌ను ఎవరూ నాటలేదు. ఆ జాతి అంతరించినదనే తలచారు. కాని పురుగు రాకముందే కొన్ని తీగలు చిలీకి చేరి, మెర్లో అన్న మరొక జాతితో కలిసిపోయి, ఆ పేరుతోనే బ్రతుకుతున్నవి. 1994లో జాన్-మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తోటలో తిరుగుతూ ఆ తీగలను చూచి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టినాడు. నూరేళ్ళకు పైగా మారుపేరుతో గడిపిన తీగకు తన పేరు తనకు దక్కినది. ఈ రెండు ఎర్ర వైనులూ వగరు తక్కువగా, మెత్తగా ఉంటవి గనుక, కారం తగ్గించి వండిన వేటమాంసానికి సరిపోతవి. చెప్పుకోవడానికి ఇంత కథ ఉన్న సీసాను కానుకగా ఇస్తే, ధర అడిగే వ్యవధి ఎవరికి ఉంటుంది?

కానుక ఇచ్చేటప్పుడు కొన్ని మర్యాదలు పాటించవలసి ఉన్నది. పుచ్చుకొనేవారు తాగుతారో లేదో ముందుగా తెలుసుకోవాలి. తాగని ఇంటికి, తాగుడు వలన బాధపడిన ఇంటికి ఈ కానుక తగదు. అచటికి పళ్ళబుట్ట తీసుకొని పోవడమే సంస్కారం. సీసా మీద పంట కోసిన సంవత్సరం ఉంటుంది. తెల్ల వైనైతే ఒకటి రెండేళ్ళకు మించని సీసాను ఎన్నుకోవాలి. ఎండలో అలంకారంగా నిలబెట్టిన సీసాను కొనరాదు. తిప్పుడు మూత ఉన్నంత మాత్రాన తక్కువరకమని భావించరాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో మంచి వైనులకు కూడా 2000 ప్రాంతం నుంచి ఆ మూతలే వాడుకలోకి వచ్చినవి. మన వేడిమిలో ఎండి రాలిపోయే బిరడాకన్న ఆ మూతే మేలు. ఇక వాడకం. తెల్ల వైనును ఫ్రిజ్జులో బాగా చల్లబరచాలి. ఎర్ర వైనును ‘గది వేడిమి’లో ఇవ్వాలన్న పుస్తకాల మాట 16, 18 డిగ్రీల ఐరోపా గదికి చెందినది, మన గదులకు కాదు. దానినీ అరగంట సేపు ఫ్రిజ్జులో ఉంచి తీయాలి. తెరచిన సీసాను మూతబెట్టి ఫ్రిజ్జులోనే ఉంచి, రెండు మూడు రోజులలో ముగించాలి. సీసాకు కట్టిన చీటీ మీద శుభాకాంక్షలతో పాటు ‘ఈ నెలలోనే తెరవండి’ అని ఒక వాక్యం వ్రాస్తే, కానుకలో సగం విలువ ఆ వాక్యానిదే.

ఈ చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను. డాబా మీది రాత్రి గడిచిన మరుసటి సంవత్సరం, మామయ్యను చూడడానికి విజయవాడ వెళుతూ నాసిక్ షెనాన్ బ్లాన్ ఒకటి తీసుకొని పోయాను. ఆయన సీసాను రెండు చేతులా అందుకొని, అటు ఇటు త్రిప్పి చూచి, అలవాటుగా అద్దాల బీరువా వైపు నడిచారు. కొండపల్లి బొమ్మల ప్రక్కన పాత సీసా విడిచిన జాగా ఇంకా ఖాళీగానే ఉన్నది.

‘‘దాచనా?’’ అన్నారు.

‘‘వద్దు మామయ్యా. ఈ రాత్రికే’’ అన్నాను.

‘‘ఈ రాత్రి విశేషమేమి?’’ అని ఆశ్చర్యపడ్డారు.

నేను సమాధానం వెదుకుతూ ఉండగా, వంటింటిలో నుంచి అత్తయ్య, ‘‘మేనల్లుడు వచ్చాడు, చేపల పులుసు పెట్టాను. ఇంకేమి విశేషం కావాలి?’’ అన్నది.

ఆ సీసా ఆ రాత్రే అయిపోయినది. పులుసులోని పులుపుకు ఆ వైను కొంచెం వెనుకబడినమాట నిజమే. సోవిన్యోన్ బ్లాన్ తీసుకొని పోవలసినది. అయినా మామయ్య ధర అడగలేదు, ‘బాగుంది’ అని ప్రత్యేకించి అననూ లేదు. గ్లాసు ముందుకు జరిపి, ‘‘ఇంకొక చుక్క’’ అన్నారు. ఆరేళ్ళు నిరీక్షించిన సీసాకు దక్కని మాట అది.